తూకంరాయి

ఆ బజారులో కాటా చెడిందంటే "రాయిని పిలవండి" అనేవాళ్ళు. రాయి అంటే తూకంరాయి. కాటాలు బాగుచేసే మేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు, కడుపునిండా తిని సంపాదించుకున్నాడు.

గోదాముల్లో, పాత ఇనుము కొట్లలో, పార్సిలు ఆఫీసుల్లో పెద్ద పెద్ద కాటాలుంటాయి. అవి సరిగ్గా తూస్తున్నాయో లేదో చూడాలంటే ముద్రవేసిన ఇనపరాళ్ళు మోసుకెళ్ళి వాటిమీద పేర్చాలి. ఒక్కోటీ ఇరవై కిలోలు. మన మేస్త్రికి చిన్నప్పటినుంచీ బరువులు మొయ్యడమంటే బద్ధకం, తినడమంటే హుషారు. ఈ రెండు గుణాలూ కలిసి అతనికో ఉపాయం చెప్పాయి. తన ఒంటినే రాయి చేసేసుకున్నాడు.

పొద్దున్నే షాపు తలుపు తీయగానే మూలనున్న మంచి కాటా ఎక్కి నిలబడేవాడు. నూట ఇరవై ఉండాలి. అరకిలో తగ్గితే దానిమీదే నిలబడి రొట్టె, గుడ్లు, అరటిపళ్ళు లాగించి ముల్లును దాని చోటికి తెచ్చేవాడు. ఎక్కువైతే ఒక పూట పాలు మానేస్తానని చెప్పేవాడు, మానగా చూసినవాళ్ళు మాత్రం లేరు. ఆ తర్వాత పనిముట్ల సంచీ స్కూటరుకు తగిలించుకుని బయల్దేరేవాడు. పిలిచినవాళ్ళ కాటా ఎక్కి, చేతులు కట్టుకుని, "ఎంత చూపిస్తోంది?" అనడిగేవాడు. నూట ఇరవై చూపించకపోతే తప్పు కాటాది, అతనిది కాదు.

ధాన్యం కొట్టు షావుకారు ఒకసారి కాటాని కాస్త తనవైపు మొగ్గేలా బిగించమని, మంచి భోజనం పెడతానని ఆశపెట్టాడు. "మీ భోజనం తింటే రేపటికి నూట ఇరవై ఒకటి తూగుతాను. అప్పుడు నష్టం మీకే" అన్నాడు మేస్త్రి. భోజనం తిన్నాడు, కాటా మాత్రం సరిగ్గానే బిగించాడు. ఆ మాట బజారంతా చెప్పుకుని నవ్వింది. ముద్రవేసిన రాయికన్నా ఈ రాయే నమ్మకమని పేరు పడింది.

ఈ రాయిని చేసిన చెయ్యి అతని తల్లిది. ఆవిడ మనిషి ఎండుమిరపకాయంత, నోరు కూడా అంతే కారం. డెబ్బై ఎనిమిదేళ్ళు. కింద షాపు, పైన ఇల్లు. పైన వెనకగదిలో మంచం మీద కూచుని, మెట్లమీద కొడుకు అడుగుల చప్పుడు వినడం ఆవిడ దినచర్య. అడుగులు బరువుగా పడ్డాయంటే మనసు తేలికపడేది.

దానికో కథ ఉంది. ఈ కొడుక్కి ముందు ఆవిడకింకో కొడుకు. ఆ రోజుల్లో మొగుడికి పనిలేదు, ఒక పూట పొయ్యి వెలిగితే ఇంకో పూట వెలిగేది కాదు. ఒక చలికాలం వీధిలో పిల్లలందరికీ ఒకటే జ్వరం తగులుకుంది. అందరూ పడ్డారు, లేచారు. నాలుగేళ్ళు నిండని ఈ బిడ్డ మాత్రం లేవలేదు. డాక్టరు వాడి డొక్కలు తడిమి, "బిడ్డలో పస లేదమ్మా. పస ఉన్న పిల్లలు తట్టుకున్నారు" అన్నాడు. ఆ మాట ఆవిడ గుండెల్లో మేకులా దిగబడిపోయింది. చాలా ఏళ్ళకి, ఇక పుట్టరనుకున్నాక మళ్ళీ కొడుకు పుట్టాడు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆవిడ ఒకటే అనుకుంది. వీడిలో ఎంత పస నింపాలంటే, చావు వచ్చి చూసి, చెయ్యిపెట్టే సందు కూడా లేదని వెనక్కి పోవాలి.

నింపింది. తను గంజినీళ్ళు తాగి వాడికి పాలు పోసింది. బడికెళ్ళే వయసులోనే బెంచీకి ఒక్కడే సరిపోయేవాడు. వీధిలో పిల్లలు వెక్కిరిస్తే వాళ్ళ ఇళ్ళకెళ్ళి మరీ తిట్టి వచ్చింది. అతనికి పెళ్ళయి, ముప్పై దాటి, ఒంట్లో చక్కెర చేరి, డాక్టరు "సగం ఒళ్ళు తగ్గించు నాయనా" అని చెప్పినప్పుడు కూడా ఆవిడకి చీమకుట్టినట్టయినా లేదు. డాక్టర్లకేం, చెప్పేవాడికి వినేవాడు లోకువ.

కోడలు మాత్రం విన్నది. కింద షాపులో చిన్న కాటాల పని ఆమెదే. స్ప్రింగులు మార్చడం, పళ్ళేలు సరిచెయ్యడం. కొలత ఆమె చేతిలోనే ఉంది. మొగుడికి అన్నం కొలిచి పెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, మొగుడికి అన్నం పెడుతున్నావా, పిట్టకి గింజలు వేస్తున్నావా?" అంది అత్త.

"డాక్టరు చెప్పినంతే పెడుతున్నా అత్తయ్యా. చక్కెర ఉండాల్సినదానికి రెండింతలుంది."

"తియ్యటి మనిషికి చక్కెర ఉండక ఉప్పుంటుందా?"

"మీరు పోట్లాడుకోకండి. రాయి అరిగితే గిరాకీ పోతుంది" అనేవాడు మేస్త్రి. భార్య పెట్టినంత తిని, బాగుందని మెచ్చుకుని, తల్లి గదిలోకి వెళ్ళి అక్కడ దాచిపెట్టింది కూడా తినేవాడు. ఇద్దరినీ సంతోషపెట్టాననుకునేవాడు. కోడలికి ఆ సంగతి తెలుసు. ఉదయం కాటా ముల్లు ఆమెకే కదా ముందు కనిపించేది.

అలాంటి రోజుల్లో ఆ జబ్బు వచ్చి, బజారు మొత్తాన్ని మూయించింది.

ముసలివాళ్ళు జాగ్రత్త, ముసలివాళ్ళు జాగ్రత్త అని ఎక్కడ విన్నా అదే మాట. అంతవరకూ పొద్దున లేస్తూనే "నన్నింకా ఎందుకు ఉంచాడో ఆ దేవుడు" అని సణిగే ముసలావిడ, చావు నిజంగానే వీధి మలుపులోకి వచ్చేసరికి కిటికీ రెక్క కూడా తెరవనివ్వలేదు. ఆవిడ కంచం వేరు, గ్లాసు వేరు. కొడుకు ఆవిడ గది గుమ్మం దగ్గరే నిలబడి, మూతికి గుడ్డ కట్టుకుని, "ఏం కావాలమ్మా?" అని అడిగేవాడు. ఆ ఇంట్లో గండం ఎవరికంటే కళ్ళు మూసుకుని ఆవిడ పేరే చెప్పేవాళ్ళు.

కాబట్టి బయటి పనులన్నీ అతని నెత్తిన పడ్డాయి. పాలకి అతను, మందులకి అతను. పక్కింటి ముసలాయన కూరగాయలకీ అతనే. "వయసులో ఉన్నాడు, కొండలాంటి మనిషి, వాడికేమవుతుంది" అని అందరూ తలో సంచీ చేతికిచ్చారు. కొండ మెట్లెక్కేటప్పుడు ఆయాసపడేది. ఆ ఆయాసం ఏళ్ళ తరబడి వింటున్నదే కాబట్టి ఎవరి చెవికీ ఎక్కలేదు.

కొన్నాళ్ళకి టీకా వచ్చింది. అరవై దాటినవాళ్ళకి ముందు. ఒక బడి హాల్లో కుర్చీలు వేసి వరసగా పొడుస్తున్నారు. మేస్త్రి తల్లిని స్కూటరు మీద తీసుకెళ్ళాడు. వెనక సీటు మిగిలిందే బెత్తెడు, ఆవిడకి అంతే చాలు. నర్సమ్మ చలాకీ మనిషి. ముసలావిడకి సూది వేసి, దూది అద్ది, పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్న కొడుకుని ఎగాదిగా చూసింది.

"బాబూ, నీకు చక్కెరుందా?"

"కొంచెం ఉందండీ."

"మందులు వాడుతున్నావా?"

"వాడుతున్నా."

"అయితే నువ్వూ కూర్చో. నీ వయసువాళ్ళకి ఇప్పుడే లేదుగానీ, చక్కెరున్నవాళ్ళకీ బాగా లావున్నవాళ్ళకీ వేస్తున్నాం. డాక్టరు రాసిన మందుల చీటీ చూపిస్తే చాలు. అమ్మ గురించి భయపడ్డంతా నువ్వు నీ గురించి కూడా పడాలి."

చీటీ షాపు సొరుగులోనే ఉంది. వెళ్ళి రావడం ఎంత సేపు? అతను కుర్చీ మీద చెయ్యి కూడా వేశాడు. అప్పుడు లేచింది తల్లి.

"ఏమమ్మా, నా కొడుకేమైనా మంచం పట్టినవాడిలా ఉన్నాడా? నలుగురి ముందూ వాణ్ణి రోగిష్టివాణ్ణి చేస్తావేమిటి? నీ దిష్టి తగిలి వాడికి జ్వరం రావాలి ఇప్పుడు."

వరసలో ఉన్న ముసలివాళ్ళు నవ్వారు. నర్సు కూడా నవ్వేసింది. "మీ ఇష్టం పెద్దమ్మా" అని తర్వాతివాళ్ళని పిలిచింది.

"పోనీ అమ్మా, వేయించుకుంటే ఏం పోయింది?" అన్నాడు కొడుకు నెమ్మదిగా.

"రోగం లేనివాడికి మందేస్తే మందే రోగమవుతుంది. పద."

ముప్పై తొమ్మిదేళ్ళలో అతను తల్లి మాట కాదన్నది లేదు. కుర్చీ మీంచి చెయ్యి తీసేశాడు. దారిలో ఆవిడ వెనకనుంచి చెవిలో అంది: "ఈ సంగతి దానికి చెప్పకు. చెప్పావంటే నిన్ను రోగివని తేల్చి ఆ పిడికెడు అన్నం కూడా మానిపిస్తుంది." సరేనని నవ్వాడు. చెప్పనూ లేదు.

బజారు మళ్ళీ తెరిచారు. ఎన్ని నెలలు మూతపడ్డాయో, కాటాలన్నీ తుప్పుపట్టి, కొన్నిట్లో ఎలుకలు కాపురం పెట్టి ఉన్నాయి. అందరూ ఒక్కసారే రాయికి ఫోన్లు చేశారు. అతను షాపులో మంచి కాటా ఎక్కితే నూట ఇరవై ఎనిమిది చూపించింది. ఖాళీగా కూచున్న రోజుల్లో తల్లి ప్రేమ అంత పేరుకుంది. "ఎనిమిది తీసేసి చదువుకోండి" అని షావుకార్లకి చెప్పి పనిలోకి దిగాడు. తలుపులు మూసిన గోదాముల్లో, దుమ్ములో, దగ్గే హమాలీల మధ్య పొద్దుపోయేదాకా కాటాల కింద పడుకుని మరలు బిగించాడు.

జ్వరం ముందు అతనికే వచ్చింది. అతనికి రాగానే తల్లికీ వచ్చింది. కోడలికి గుండెల్లో రాయి పడింది. అందరి భయమూ ముసలావిడ మీదే. ఆవిడ కాసేపు దగ్గి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, రెండు రోజులు దుప్పటి ముసుగేసింది. లేచి, పాలు వేడిగా లేవని కోడల్ని తిట్టింది. ఆవిడ జబ్బు అంతటితో సరి.

కొడుకు జబ్బు వేరు. మొదట మంచం దిగలేకపోయాడు, తర్వాత పడుకోలేకపోయాడు. దిండ్లు పేర్చుకుని కూచుని, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదినట్టు లాక్కునేవాడు. కోడలు మందుల కొట్టుకు వెళ్ళినప్పుడల్లా ముసలావిడ గోడ పట్టుకుని వచ్చేది. గుడ్డు గిలకొట్టిన పాలు తెచ్చేది.

"ఒక్క గుక్క తాగు నాన్నా. పస ఉండాలి. పస ఉంటే అదే పోతుంది."

"దిగట్లేదమ్మా."

"దిగుతుంది. నా బంగారు కదూ."

తాగాడు. ఊపిరి పీల్చుకోవడానికే నోరు చాలని మనిషి, తల్లి కోసం ఆ నోట్లోనే పాలు కూడా పోయించుకున్నాడు. సగం దుప్పటి మీద పడ్డాయి. మిగతా సగం లోపలికి వెళ్ళినందుకు ఆవిడ తృప్తిపడింది.

ఆంబులెన్సు వచ్చిన రోజు స్ట్రెచరు మెట్ల మలుపులో తిరగలేదు. ధాన్యం కొట్టు హమాలీలు వచ్చి, దుప్పట్లో వేసి దించారు. "ఎంతుంటాడన్నా?" అని ఒకడు రెండోవాణ్ణి గుసగుసగా అడిగాడు. దుప్పట్లోంచి మేస్త్రే జవాబు చెప్పాడు. "నూట ఇరవై... ఎనిమిది." హమాలీలు నవ్వాలో వద్దో తెలియక గోడకేసి చూశారు. పైమెట్టు మీద నిలబడిన తల్లికి ఆ మాట వినపడింది. కొడుకు నోట ఆవిడ విన్న ఆఖరి మాట అదే.

ఆసుపత్రిలో లోపలికి రానివ్వరు. వరండా బల్ల మీద అత్తా కోడలూ కూచున్నారు. డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసు, నిద్రలేని కళ్ళు. తియ్యగా మాట్లాడే ఓపిక ఆమెకి లేదు.

"బాగా ఆలస్యమైంది. ఊపిరితిత్తులు రెండూ పట్టేశాయి" అని కోడలికి చెప్పింది. ముసలావిడ బల్ల మీంచి లేచింది.

"నాకూ వచ్చింది తల్లీ అది. నన్ను వదిలేసింది. ముసలివాళ్ళు కదా పోవాల్సింది? వాడు చూడు, ఎంత బలమైనవాడో."

"అది బలం కాదు పెద్దమ్మా. మీ వయసులో వయసే పెద్ద జబ్బు. దానిమీద ఇంకో రోగం ఉన్నా, లేకపోయినా మరీ అంత తేడా రాదు. నలభై లోపువాళ్ళకి వయసు కాపు కాస్తుంది. ఆ కాపుని ఒళ్ళూ చక్కెరా కలిసి తినేస్తాయి. ఈ వార్డులో ఆయన వయసువాళ్ళని చూడండి, ఎక్కువమంది అలాంటివాళ్ళే." చేతి తొడుగులు విప్పుతూ కోడలివైపు తిరిగింది. "మీ అత్తగారు టీకా వేయించుకున్నారా?"

"వేయించుకున్నారండీ."

"ఈయన?"

"ఆయన వయసుకి ఇంకా రాలేదు కదండీ."

"చక్కెర ఉన్నవాళ్ళకి ఎప్పుడో ఇస్తున్నారు. ఎవరూ చెప్పలేదా?"

"లేదండీ. మాకెవరూ చెప్పలేదు."

ముసలావిడ తన చెప్పులకేసి చూసుకుంది. ఒకదాని పట్టీ తెగితే కొడుకే ఇనపతీగతో కుట్టిపెట్టాడు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకుంది. నోరు తెరిస్తే పొడి దగ్గొకటి వచ్చింది. కోడలు గబగబా నీళ్ళసీసా మూత తీసి అందించింది.

వారం తిరక్కుండానే పోయాడు. మనుషుల్ని పోగవనివ్వని రోజులు. సంచీలో కట్టి, చూసుకోమని ముఖం మీద జిప్పు కాసేపు తీశారు. ముఖం అలాగే ఉంది, గుండ్రంగా, నిండుగా. చావు చెయ్యిపెట్టడానికి సందు లేకుండా తల్లి ఏళ్ళ తరబడి నింపిన ముఖం. ఆ నిండుదనాన్నే పట్టుకుని చావు లోపలికి వచ్చింది.

ధాన్యం కొట్టు షావుకారు మెట్ల కిందే నిలబడి పరామర్శించాడు. "పోవాల్సినవాళ్ళుండి, ఉండాల్సినవాడు పోయాడు" అన్నాడు, పైకి వినపడుతుందో లేదో చూసుకోకుండా. వినపడింది. ముసలావిడకి కోపం రాలేదు. ఈ జన్మలో ఆ షావుకారు నోటినుంచి తప్పు లేకుండా తూగిన మాట అదొక్కటే.

ఆవిడకి తర్వాత ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం దొరికింది. ఆ పాత డాక్టరు అబద్ధం చెప్పలేదు. నాలుగేళ్ళ బిడ్డని చంపింది ఆకలే. కానీ ఆ బిడ్డకి తినిపించాల్సిన ముద్దలన్నీ తను తెచ్చి రెండోవాడి నోట్లో కుక్కింది. ఒకణ్ణి పెట్టక చంపింది, ఒకణ్ణి పెట్టి చంపింది. దాన్ని ఎటు తిప్పి చూసుకున్నా అంతే. మొదటిదాంట్లో తన తప్పు లేదు, లేమి తప్పు. రెండోదాంట్లో లేమి లేదు.

అన్నిటికన్నా కోడలి మంచితనం ఆవిడకి ఎక్కువ శిక్ష అయింది. పోట్లాటలు ఆగిపోయాయి. "మనిద్దరమే మిగిలాం అత్తయ్యా" అని కోడలు వేళకి మందులిచ్చేది, కాళ్ళకి నూనె రాసేది. షాపు తనే నడిపేది. పెద్ద కాటాలకి ఇనపరాళ్ళు రిక్షాలో వేసుకుని వెళ్ళి, ఒక్కొక్కటీ తనే మోసేది. రాత్రి నడుం వాల్చినప్పుడు మాత్రం ఒకటే మాట. "నేనే కనుక్కోవాల్సింది. రోజూ ఆయన చక్కెర చూసేదాన్ని, ఒక్కసారి ఎవర్నైనా అడిగి ఉంటే ఇచ్చేవాళ్ళు కదా. నా బుద్ధి గడ్డితిన్నది." ఏడ్చేది. ముసలావిడ పక్కనే కూచుని ఆ ఏడుపు వినేది. కోడలి తల నిమిరేది. "ఊరుకో, మన రాత" అనేది. ఎంతకీ ఊరుకోని మనిషిని ఊరుకోబెట్టగలిగే ఒక్క మాట నాలుక కిందే పెట్టుకుని, మింగుతూ ఉండేది.

చెప్పేస్తే ఏమవుతుంది? ఈ చేతులు తన కాళ్ళకి నూనె రాయవు. అంతే భయం. కొడుకు పోయాక కూడా మనిషికి కాళ్ళనొప్పులుంటాయి.

ఒక మధ్యాహ్నం నర్సమ్మ మెట్లెక్కి వచ్చింది, భుజాన చల్లటి పెట్టె తగిలించుకుని. ఇళ్ళకే వచ్చి పెద్దవాళ్ళకి ఇంకో సూది వేస్తున్నారు. ముసలావిడని చూడగానే గుర్తుపట్టింది.

"పెద్దమ్మా, బాగున్నారా? మీ కొడుకేడీ? పిలవండి, ఇప్పుడు చీటీ గీటీ అక్కర్లేదు. అందరికీ వేస్తున్నాం."

ముసలావిడ వెనక్కి తిరిగి చూసింది. లోపల వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ రోజే వేసేద్దును. ఎంత పోట్లాడారు నాతో? అతను కుర్చీలో కూర్చోబోయాడు కూడా. మీరు కూర్చోనిస్తేగా" అని నవ్వింది నర్సు.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కోడలు తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏ రోజండీ?"

నర్సు చెప్పింది. బడి హాలు, చక్కెర సంగతి, చీటీ చూపిస్తే చాలన్న మాట. చెబుతూ చెబుతూ ఇద్దరి ముఖాలూ చూసి, గొంతు తగ్గించుకుంటూ వచ్చింది. గోడ మీద దండ వేసిన ఫొటో అప్పటికి ఆమె కంటపడింది.

"అమ్మాయ్" అంది ముసలావిడ. "నేను వాడి మంచికే..."

కోడలు అరవలేదు. ఏడవలేదు కూడా. తడిచేతులు తుడుచుకుని, గోడవారనున్న కుర్చీ లాగి, అత్తని రెక్కపట్టి అందులో కూచోబెట్టింది. చెయ్యి మీది బట్ట భుజందాకా పైకి తోసింది. ఎముక మీద తోలు తప్ప ఆ చేతిలో ఏమీ లేదు.

"వెయ్యండి."

"పోనీ రేపు వస్తానమ్మా" అంది నర్సు.

"ఇప్పుడే వెయ్యండి. ఈవిడకి ఏమీ కాకూడదు. చాలా ఏళ్ళుండాలి."

నర్సు వేసింది. దూది అద్ది, తలెత్తకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. కోడలు వంటింట్లోకి వెళ్ళి ఆపిన గిన్నెలు మళ్ళీ తోమింది.

ఆ రాత్రి అత్తకి కంచం పెట్టింది. ఆ ఇంట్లో కోడలి చేత్తో కొలవకుండా వడ్డించిన మొదటి కంచం అది. అన్నం కుప్పగా, పక్కన రెండు గుడ్లు, గ్లాసునిండా పాలు. ముసలావిడ ఒంటికి అది మూడు పూటల తిండి.

"ఇంత తినలేనమ్మాయ్" అంది.

"తినండి అత్తయ్యా. పస ఉండాలి."

ముసలావిడ తలెత్తి చూసింది. కోడలు గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కంచం ఖాళీ అయ్యేదాకా కదిలేలా లేదు. ముసలావిడ ముద్ద కలిపింది.